దూది మింగిన సూది

టుంగ్, టుంగ్, టుంగ్. ఆ తర్వాత కాసేపు ఏమీ ఉండదు. ఆగిపోయిందేమో అనుకునేలోపు మళ్ళీ టుంగ్.

వీధి మలుపు తిరగ్గానే మనిషి కంటే ముందు ఆ చప్పుడు ఎదురొస్తుంది. ఇదివరకు అది ఇలా ఉండేది కాదంటారు. ఆ ఇంటాయన కొట్టే రోజుల్లో రేకుల కప్పు మీద వానలా ఎడతెగకుండా పడేదట. పక్కింటి కుట్టుమిషను ఆ తాళానికే నడిచేది. ఏడుపు మానని పసివాళ్ళని ఆ గుమ్మం ముందుకు తెచ్చి నిలబడితే చాలు, కళ్ళు మూతలు పడేవి. ఇప్పుడు మూడు దెబ్బలు, ఒక ఆయాసం. మూడు దెబ్బలు, ఒక ఆయాసం. "పరుపులక్క లేచింది" అనుకుంటుంది వీధి, పళ్ళు తోముకుంటూ.

గుమ్మంలోంచి తొంగిచూస్తే ముందు మనిషి కనపడదు, తెలుపు కనపడుతుంది. కిటికీ ఊచల మీద తెలుపు, బల్బు తీగ మీద తెలుపు, గోడ గడియారం నెత్తిన తెలుపు. గది మొత్తం ఒక్క పూటలో ముసలిదైపోయినట్టు. ఆ తెలుపు మధ్య, కప్పు నుంచి తాడుకు వేలాడే మనిషంత విల్లు కింద, ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని ఒక సన్నటి ఆవిడ. ఎడమ చేత్తో విల్లు పట్టుకుని, కుడి చేత్తో చిన్న కర్ర సుత్తి పెట్టి నారి మీద కొడుతుంది. నారి దూదిలోకి దిగి వణుకుతుంది. ఏళ్ళ తరబడి ఎవరి వీపు కిందో పడి రాయిలా బిగుసుకున్న దూది ఉలిక్కిపడి, గింజుకుని, మళ్ళీ మబ్బవుతుంది.

మబ్బయ్యేటప్పుడు దూదికి నొప్పి ఉంటుందో లేదో తెలియదు. ఆవిడ భుజానికి మాత్రం ఉంటుంది.

విల్లు ఆవిడది కాదు, భర్తది. కాపురానికొచ్చిన నాటి నుంచీ పని రెండు ముక్కలు: ఏకడం ఆయన వంతు, కుట్టడం ఆవిడ వంతు. ఆయన ఏకిన దూదిని ఆవిడ గుడ్డ సంచిలో నింపి, బెత్తంతో బాది నాలుగు మూలలా సర్ది, మూతి కుట్టేసేది. ఆ పైన పొడుగు పరుపు సూదితో పై నుంచి కిందకీ, కింద నుంచి పైకీ టాకాలు వేసేది. టాకాలు లేని పరుపులో దూది ఒక మూలకి పారిపోతుంది. "నేను గాలి పోస్తాను, మా ఆవిడ ముడి వేస్తుంది" అనేవాడాయన వచ్చినవాళ్ళతో. పిల్లలు లేరు. ఉన్నది ఈ గది, వెనకాల వంటకి ఇంకో అర గది, మధ్యలో దూది.

ఒకరోజు విల్లు పట్టుకుని ఉండగానే ఆయన కుడి చెయ్యి జారిపోయింది. చేతితో పాటు కుడి కాలు, కుడి వైపు పెదవి. మాట కొన్నాళ్ళకి తిరిగొచ్చింది, కాస్త ముద్దగా. వెటకారం మాత్రం ఒక్క పూట కూడా ఎక్కడికీ పోలేదు.

ఆడవాళ్ళు విల్లు పట్టడం ఎక్కడైనా ఉందా అన్నారు కొందరు. ఆవిడ ముక్కుకి గుడ్డ కట్టుకుంది. మొదట్లో అరచేతులు బొబ్బలెక్కి, అన్నం కలపాలంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. మంచం మీద నుంచి ఆయన వినేవాడు.

"తాళం తప్పావు."

"మీరొచ్చి కొట్టండి."

"వస్తా. చెయ్యి ఎక్కడ పెట్టానో కనపడనీ."

దేవుడితో మాట్లాడే అలవాటు ఆవిడకి ఆ విల్లు కిందే మొదలైంది. గట్టిగానే మాట్లాడుతుంది, ఆ చప్పుడులో ఎవరికి వినపడుతుందిలే అని. పక్షవాతం ఆయన చెవుల జోలికి పోలేదన్న సంగతి ఆవిడకి చాలా రోజులు తట్టలేదు.

"ఏమయ్యా, ఈ వారం ఒక్కరూ గడప తొక్కలేదు. మనుషులు నిద్రపోవడం మానేశారా?"

"మానలేదు" అన్నాడాయన మంచం మీద నుంచి. "స్పాంజి మీద పడుకుంటున్నారు."

నిజమే. వీధి చివర స్పాంజి పరుపుల దుకాణం వచ్చింది. కొన్నవాళ్ళు పరుపుని చాపలా చుట్టి స్కూటరు మీద పెట్టుకుపోతున్నారు. దాన్ని ఏకక్కర్లేదు, ఎండలో వేయక్కర్లేదు. ఆవిడ దగ్గరికి వచ్చేవి పాత దిండ్లు, పసిపిల్లల బొంతలు, ఎవరో పోయాక ఇంట్లోవాళ్ళు ముట్టుకోవడానికి జంకే పరుపులు.

"నారు పోసినవాడు నీరు పోయడా అనేది మా అమ్మ" అంది ఆవిడ.

"పోస్తాడు. ఎప్పుడు పోస్తాడో చెప్పిందా మీ అమ్మ? నారు ఎండిపోయాక పోస్తే అది నీళ్ళు కాదు, తద్దినం."

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గితే దూది లేచింది.

పక్క వాటాలో గోనె సంచులు కుట్టే ఆవిడ ఉండేది. అందరికీ పిన్ని. నోరు పెద్దది, చెయ్యి దానికంటే పెద్దది. రోజూ గోడ మీద నుంచి తల పెట్టి ఇదే పాట: "ఏమేవ్, ఆ విల్లు దించి పొయ్యిలో పెట్టు, నాలుగు పూటలు వంట అవుతుంది. నాలుగిళ్ళలో అంట్లు తోముకోరాదూ? దేవుణ్ణి అడిగీ అడిగీ నీ గొంతు పోయింది గానీ, ఆయన చెవిలో దూది పెట్టుకున్నాడు. అదీ నువ్వు ఏకిందే అయ్యుంటుంది."

అంట్లు తోమడం ఆవిడకి నామోషీ కాదు. కానీ గంట గంటకీ ఆయన్ని ఒత్తిగిలించాలి. కుడి పక్కకి స్పర్శ లేదు. ఒకే వైపు ఉంచేస్తే తోలు ఎర్రబడుతుంది, తర్వాత నల్లబడుతుంది, తర్వాత పుండు. ఇంట్లో ఉండి చేసుకునే పని విల్లు ఒక్కటే. విల్లు దిగితే ఆవిడ బయటికి పోవాలి. ఆవిడ బయటికి పోతే ఆయన ఒక్కడే ఒకే పక్కన పడి ఉండాలి. అడిగేదల్లా అదే దేవుణ్ణి: ఈ విల్లు దిగనివ్వకు. ఇంకేమీ వద్దు.

అడగడం కూడా ఒక పనే. కొన్నాళ్ళకి అదీ అలసిపోతుంది. అడగాల్సిన మాటలు అరిగిపోయి, టుంగ్ అన్న చప్పుడొక్కటే మిగిలిన రోజులున్నాయి. ఆవిడ లెక్కలో అవీ ప్రార్థనలే.

ఊరికి ఆ చివర, మంచం పట్టినవాళ్ళని ఉంచుకుని చూసుకునే ఇల్లొకటి ఉంది. అందరూ మంచాల ఇల్లు అంటారు. అక్కడి పెద్ద నర్సు ఒకరోజు గుమ్మంలోకి వచ్చి, తలుపు చెక్క పట్టుకుని, ఊపిరి కుదుటపడేదాకా ఆగింది. బాగా భారీ మనిషి. మెట్లు ఎక్కడం ఆవిడకి శిక్ష.

"ఆ స్పాంజి మా వాళ్ళ వీపులు ఉడకబెడుతోందమ్మా. మిగిలినవేమో నల్లుల పాలయ్యాయి. దూది పరుపులు కావాలి, ఎనిమిది. శుక్రవారం మధ్యాహ్నానికి బండి పంపుతాను. బాగుంటే మిగతా మంచాలకీ నీతోనే చేయిస్తాను. కుదురుతుందా?"

కుదురుతుందో లేదో ఆవిడ ఆలోచించలేదు. తల ఊపేసింది. నర్సు మెట్లు దిగి వెళ్ళాక, మంచం పక్కన కూలబడి మొగుడి మొహంలోకి చూసింది.

"చూశారా?"

"చూశా" అన్నాడాయన. "నీ దేవుడు కాస్త లావుగానే ఉన్నాడు."

ఆ వారం ఎలా గడిచిందంటే ఆవిడ ఇప్పుడూ సరిగ్గా చెప్పలేకపోతుంది. దూది కొట్టడం, నింపడం, బాదడం, కుట్టడం, మధ్యలో లేచి ఆయన్ని ఒత్తిగిలించడం. ఎప్పుడు తిన్నదో, ఏం తిన్నదో గుర్తు లేదు. నిద్ర కూడా దూదిలాగే ముక్కలు ముక్కలుగా వచ్చి, కంటి మీద కాసేపు వాలి, ఎగిరిపోయేది. గురువారం సాయంత్రానికి ఎనిమిది పరుపులూ గోడ వారగా దొంతర లేచాయి. అప్పుడు ఒక్కోదాన్నీ మళ్ళీ దించి, ఎక్కడెక్కడ టాకా వదులుగా అనిపించిందో అక్కడల్లా ఇంకో పోటు వేసి బిగించింది. ఎవరూ అడగలేదు. చేతులు ఆగలేక చేశాయి. ఏ పరుపు దగ్గర ఆ పని ముగిసిందో తెలియదు. కూర్చున్న చోటే ఒరిగిపోయింది.

శుక్రవారం పొద్దున లేచి, మొహం కడుక్కుని, అలవాటుగా గుమ్మం పక్క గోడ వైపు చూసింది. అక్కడ మేకుకి కట్టిన గుడ్డ ఉండ ఉంటుంది. పని ముగిశాక పరుపు సూదిని ఆ ఉండలో గుచ్చాలి. పరుపు గడప దాటేముందు సూది కంటికి కనపడాలి. అత్తగారు నేర్పిన మొదటి పాఠం అది. అన్నం వండడం కూడా ఆ తర్వాతే నేర్పింది.

ఉండలో సూది లేదు.

కొంగు దులిపింది. జుట్టు తడుముకుంది. చాప ఎత్తింది. నేల మీద దూది పీచుని చేత్తో కొద్దికొద్దిగా జరుపుతూ గది నాలుగు మూలలా పాకింది. ఆయన్ని అటూ ఇటూ ఒత్తిగిలించి మంచం అంతా తడిమింది. ఒక్కటే సూది, మూరెడు పొడుగు. దాని జత ఎప్పుడో విరిగిపోయింది. అటువంటివి చేసేవాళ్ళు ఇప్పుడు లేరు.

పరుపు పనిలో ఒక గండం ఉంది. పై నుంచి గుచ్చిన సూదిని కింద చెయ్యి అందుకోవాలి. ఆ చెయ్యి నిద్రలో ఉంటే, దారం కన్నంలోంచి జారిపోతే, సూది మధ్యలోనే ఆగిపోతుంది. దూది దాన్ని చప్పుడు లేకుండా మింగేస్తుంది. పైకి చుక్క కూడా కనపడదు.

ఆవిడ పరుపుల దొంతర వైపు చూసింది. ఎనిమిదీ తెల్లగా, బొద్దుగా, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి.

వీధిలో రేడియోలు బాగుచేసే అతని దగ్గరికి పరిగెత్తి అయస్కాంతం తెచ్చింది. పరుపుల మీద అంగుళం అంగుళం తిప్పింది. అంత లావు దూది దాటి దాని బలం దిగలేదు. మోకాళ్ళతో నొక్కి చూసింది. నిలువుగా ఉంటే తగులుతుంది. అడ్డంగా పడుకున్న సూది తగలదు.

"ఇచ్చేయ్" అన్నాడాయన. "సూది ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది. బండి వచ్చే వేళయింది. ఇచ్చేసి పడుకో. నీ మొహం చూడలేకపోతున్నా."

"ఒకవేళ లోపల ఉంటే?"

"గుచ్చుకుంటే వాళ్ళే కేకేస్తారు. అప్పుడు విప్పుదువు గాని."

ఆవిడ ఆయన వైపు తిరిగింది. "కేకేస్తారా?" అంది. "మీరు వేశారా?"

ఆయన చూపు తిప్పుకున్నాడు. అంతకు ముందు ఏడాది చొక్కా బొత్తాం ఒకటి ఊడి ఆయన కుడి తుంటి కింద పడింది. ఒక పగలంతా దాని మీదే పడుకుని ఉన్నాడు, కబుర్లు చెబుతూ, నవ్వుతూ. సాయంత్రం ఒత్తిగిలిస్తే, బొత్తాం నాలుగు కన్నాలతో సహా ఒంట్లో అచ్చు పడి ఉంది. ఆ పుండు మానడానికి ఎన్ని నెలలు పట్టిందో ఇద్దరికీ తెలుసు. మంచాల ఇంట్లో పడుకునేవాళ్ళందరూ అలాంటివాళ్ళే. గుచ్చుకున్నా కేకేయరు. తెలియదు గనక వేయరు.

"అది బొత్తాం, నున్నటిది" అంది ఆవిడ. ఇంకేమీ అనలేదు. బ్లేడు తీసుకుని మొదటి పరుపు మూతి కుట్లు తెగ్గొట్టింది.

తెగ్గొడుతూ దేవుడితో తగువు పెట్టుకుంది. విల్లు కింద కాదు, ఆ చప్పుడు చాటు లేకుండానే.

"ఇయ్యకపోతే ఇయ్యలేదని ఊరుకునేదాన్ని కదయ్యా. ఇచ్చినట్టే ఇచ్చి చేతిలోంచి లాక్కునేదానికి ఇవ్వడం దేనికి? పిల్లాడికి మిఠాయి చూపించి జేబులో వేసుకున్నట్టు. నువ్వు పెద్దవాడివేనా అసలు?"

మొగుడు ఎడమ చెయ్యి చాచి, "ఆ దూది ఇలా తెచ్చి పొయ్యి" అన్నాడు.

"ఎక్కడ?"

"నా మీద. ఎడమ చెయ్యి ఉందిగా. పిడికెడు పిడికెడు చూస్తా."

ఆవిడ దూది తెచ్చి ఆయన రొమ్ము మీద కుప్ప పోసింది. ఆయన ఎడమ చేత్తో ఒక్కో పిడికెడూ పిండి, వేళ్ళ మధ్య నలిపి, మంచం అవతల వేశాడు. కాసేపటికి ఆయన గడ్డం, కనురెప్పలు అన్నీ తెల్లబడ్డాయి.

మంచాల ఇంటి బండి వచ్చింది. బండతను లోపలికి తొంగిచూసి, విప్పిన పరుపులు చూసి నోరు తెరిచాడు.

"ఇదేంటక్కా, కట్టడానికి రమ్మని కూల్చడం మొదలెట్టావు?"

ఆవిడ జరిగింది చెప్పింది. అతను తల గోక్కున్నాడు.

"ఇంకా విప్పనివి ఉన్నాయిగా? అవి పట్టుకెళ్తా. సూది సంగతి నాకు చెప్పకుండా ఉండాల్సిందక్కా. తెలియకపోతే హాయిగా వేసుకుపోయేవాణ్ణి."

"తెలిసిందిగా, తమ్ముడూ. పట్టుకెళ్తావా?"

అతను దొంతర మీద చెయ్యి వేశాడు. తీశాడు. "గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. అక్కడ పాతవన్నీ పొద్దున్నే తగలబెట్టించేశారు, నల్లులని. అందరూ చెక్కల మీద ఉన్నారు. మా పెద్ద నర్సమ్మగారికి ఏం చెప్పను?"

ఆ మాటకి ఆవిడ చేతిలో బ్లేడు ఆగింది. చెక్కల మీద. ఒక పక్క సూది, ఒక పక్క చెక్క. రెంటి మధ్యా కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత, "ఉన్నది ఉన్నట్టు చెప్పు" అని మళ్ళీ వంగింది.

పెద్ద నర్సు తనే వచ్చేసింది. మెట్లెక్కి, తలుపు పట్టుకుని ఆయాసపడి, అరవడానికే నోరు తెరిచింది. గదిలో మోకాళ్ళ లోతు దూది. మధ్యలో ఈవిడ. మంచం మీద మంచు కప్పిన కొండలా ఆయన. ఖాళీ అయిన సంచులు గోడ పొడుగునా వేలాడుతున్నాయి. ఆఖరి పరుపు కూడా అప్పుడే ఖాళీ అయింది.

సూది లేదు. ఎనిమిదింటిలో ఎక్కడా లేదు.

"ఉట్టిదే" అంది ఆవిడ, ఎవరితోనో తెలియకుండా. "ఇంతా చేస్తే ఉట్టిదే."

"ఎవరి వీపు కిందా లేదని తెలిసిందిగా" అన్నాడాయన. ఆ మాటలో ఈసారి వెటకారం లేదు. అది చూసి ఆవిడకి ఏడుపొచ్చింది.

నర్సు అరవలేదు. దూదిలోనే ఒక పీట వెతుక్కుని కూర్చుంది. "కబురు చేయొచ్చుగా పొద్దున్నే" అంది నీరసంగా. "పాతవి ఒక్కరోజు ఉంచేదాన్ని."

"మతి పోయిందమ్మగారూ. తోచలేదు. అక్కడ పడుకునేవాళ్ళకి గుచ్చుకున్నా తెలియదనే..."

"తెలుసమ్మా. ఆ పుళ్ళు కడిగేది నేనే." కళ్ళు మూసుకుని తెరిచింది. "సరే. ఇప్పుడేం చేద్దాం?"

"దూది సిద్ధంగానే ఉంది. నింపేస్తాను. టాకాలు వేయడానికే సూది లేదు."

గోడ మీద నుంచి ఒక గొంతు లేచింది. పిన్ని ఎంతసేపటి నుంచి వింటోందో. "సూది కోసం సోదికెళ్తే అని ఊరికే అన్నారా? ఇంటి గుట్టంతా వీధిలో పడ్డాక గానీ పక్కింటిదాన్ని అడగబుద్ధి కాదు దీనికి! నేను రోజంతా కుట్టేది దేంతో, గోళ్ళతోనా?"

చేటంత నోరుతో, చేతిలో రేకు డబ్బాతో దిగింది. డబ్బాలో దబ్బనాలు. గోనె సంచులు కుట్టేవి, లావుగా, కొస వంకరగా. పరుపు సూదిలో సగం కూడా పొడుగు లేవు. ఒకదాన్ని గుచ్చి చూశారు, అవతలికి రాలేదు.

"నొక్కిపెడితే వస్తుంది" అంది పరుపులక్క. "గట్టిగా నొక్కాలి. బరువు కావాలి."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరు నర్సుని చూశారు.

"అమ్మగారూ" అంది పిన్ని, నవ్వు బిగపట్టుకుని, "మొహమాటపడకండి. దేవుడు ఎవరికి ఏది ఎందుకిస్తాడో మనకేం తెలుసు?"

పెద్ద నర్సు లేచి, చెప్పులు విప్పి, పరుపు మీద టాకా వేయాల్సిన చోట కూర్చుంది. దూది హుష్షుమని అణిగిపోయింది. దబ్బనం అవతలికి వచ్చింది. మంచం మీద ఆయన నవ్వీ నవ్వీ దూది మింగి, దగ్గులో పడ్డాడు. పిన్ని లేచి వెళ్ళి తల ఎత్తి నీళ్ళు పట్టింది. "చాల్లే నవ్వింది, ముసలాడా. చస్తే ఆ పాపం నా దబ్బనాలకి చుట్టుకుంటుంది."

అలా మధ్యాహ్నమంతా. ఆవిడ నింపుతుంది, నర్సు కూర్చుంటుంది, పిన్ని పొడుస్తుంది, బండతను మడతలు లాగి పట్టుకుంటాడు. టాకాలు వంకర, కొన్ని చోట్ల దగ్గర, కొన్ని చోట్ల దూరం. అత్తగారు చూస్తే విప్పించేది. దీపాలు పెట్టే వేళకి ఆరు అయ్యాయి. మిగతా రెంటికీ దూది నింపి, మూతులు తాత్కాలికంగా కట్టి, టాకాలు అక్కడే వేస్తానని ఆవిడ బండెక్కింది. పిన్ని ఆయన దగ్గర ఉండిపోయింది. "గంటకోసారి తిప్పాలి, అంతేగా? మా వంటింట్లో అట్టు తిప్పినట్టు తిప్పుతాలే, ఫో."

మంచాల ఇంట్లో హాలు పొడుగ్గా ఉంది. మందు వాసన, ఉతికిన దుప్పట్ల వాసన. చెక్క మంచాల మీద, దుప్పటి మడతల మీద మనుషులు. ఒక్కొక్కరినీ ఎత్తి, పరుపు వేసి, మళ్ళీ పడుకోబెట్టారు. చివరి రెండు పరుపులకీ ఆవిడ మంచాల పక్కనే నేల మీద కూర్చుని టాకాలు వేసింది. వేసిన ప్రతిసారీ దబ్బనం పైకెత్తి దీపం వెలుగులో చూసుకుంది.

ఆఖరి పరుపు ఒక ముసలాయనకి. మెడ కింద నుంచి ఒంటికి ఏమీ తెలియని మనిషి. ఆయన్ని పడుకోబెట్టాక ఆవిడ ఆగలేక అడిగింది: "మెత్తగా ఉందా, బాబాయ్?"

ఆయన కప్పు వైపే చూస్తూ కాసేపు ఆలోచించాడు. "నాకు తెలియదమ్మా" అన్నాడు. "ఉందనే అనుకుంటున్నా."

ఆ మాట ఆవిడతో పాటు ఇంటికొచ్చింది. మొగుడికి చెప్పలేదు. దేవుడికీ చెప్పలేదు.

తర్వాత వారాలు గడిచాయి. మంచాల ఇంటి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆ వంకర టాకాలు చూసి ఎవరు మాత్రం మళ్ళీ పిలుస్తారు? పిన్ని ఒకసారి అడిగింది, అంట్ల పని మాట్లాడమంటావా అని. ఈసారి వెక్కిరింపుగా కాదు, మెల్లగా. "ఇంకొన్ని రోజులు చూద్దాం పిన్నీ" అంది ఆవిడ. ఆ కొన్ని రోజులూ ఎలా నడిచాయంటే, నడిచాయి అంతే. పిన్ని వాటా నుంచి గోడ మీదుగా ఒక గిన్నె వచ్చేది, రోజూ ఏదో తిట్టుతో కలిపి. ఆవిడ విల్లు కింద కూర్చుని, కొట్టడానికి ఏమీ లేక, పాత దూదినే మళ్ళీ కొట్టేది. చప్పుడు ఆగితే ఆయన కంగారు పడతాడని. ఆ రోజుల్లో దేవుణ్ణి ఏమీ అడగలేదట. "అడిగేందుకు గొంతు లేదు. పోనీ వెళ్ళిపోదామంటే ఇంకెవరి గుమ్మం తెలుసు నాకు?" అంటుంది.

ఒక సాయంత్రం బండతను వచ్చాడు. బండి నిండా దిండ్లు. నలిగినవి, మరకలు పడినవి, అప్పడాల్లా అణిగినవి.

"పెద్దమ్మగారు పంపారక్కా. పరుపులకి ఎవరో పుణ్యాత్ముడు మళ్ళీ స్పాంజివే ఇస్తానన్నాడట, ఆవిడ కాదనలేకపోయారు. కానీ దిండ్లు మాత్రం దూదివే ఉండాలని పట్టుబట్టారు. నెల నెలా పంపుతారట, ఏకి ఇవ్వడానికి. నువ్వు వేసిన ఎనిమిదీ ఇంకా వాడుతున్నారులే."

ఆవిడ దిండ్ల గుట్ట వైపు చూసింది. పరుపులు అడిగితే దిండ్లు. ఉప్పొంగిపోయేంత కాదు, ఏడ్చేంత కాదు. విల్లు దిగనక్కర్లేనంత.

"ఏం పంపాడు?" అన్నాడు మొగుడు లోపలి నుంచి.

"దిండ్లు."

"పోన్లే. తల వరకు వచ్చాడు. మిగతా ఒళ్ళు తర్వాత చూస్తాడు."

ఆ సూది ఇప్పటికీ దొరకలేదు. ఇప్పుడు పిన్ని ఇచ్చిన దబ్బనమే. ఆయన కాస్త చిక్కాడు. ఆవిడకి దగ్గు పెరిగింది. పొద్దున్నే మాట్లాడితే గొంతులో పీచు అడ్డం పడ్డట్టు ఉంటుంది. ఒళ్ళో దిండు పెట్టుకుని మూతి కుట్లు విప్పుతూ ఆవిడ ఇదంతా నాకు చెప్పింది. మధ్యలో లేచి ఆయన్ని ఒత్తిగిలించింది, మళ్ళీ వచ్చి ఆపిన మాట దగ్గరే అందుకుంది. నేను సెలవు తీసుకుని లేస్తుంటే, తల ఎత్తకుండానే అంది:

"దేవుడు ఇస్తాడా అని అడిగారు కదూ. ఇస్తాడండీ, ఇవ్వడని నేననను. పొద్దున లేవగానే ఇంత ఓపిక ఇస్తాడు, పడుకునేదాకా సరిగ్గా సరిపోతుంది. అంత పెద్దవాడు గదా, ఒక్కరోజైనా మర్నాటికి కాస్త మిగిలేలా ఇవ్వొచ్చుగా? అదే నా గొడవ ఆయనతో."